యూనిఫారం వేసుకున్న ఫుట్‌బాల్



ప్రాణహిత ఒడ్డున సిరొంచలో గాని, పైన అహేరి, ముల్చేర వైపు గాని సాయంత్రం పూట ఊరి మైదానం దగ్గర నిలబడితే పెద్దల నోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "వీడు మంచిగ ఆడుతడు, పోలీసు భర్తీకి పనికొస్తడు" అంటారు. కబడ్డీ అయినా, వాలీబాల్ అయినా, పరుగు పందెమైనా మాట అదే. ఆటగాడు అనగానే మనకు పోలీసో, పటాలమో గుర్తుకు వస్తుంది. ఆటకూ యూనిఫారానికీ ఈ ముడి ఎలా పడింది? ఆ ముడి వల్ల ఆటగాడికి మేలెంత, కష్టమెంత? ఈ సంగతులు ఈవేళ కొంచెం చెప్పుకుందాం. ఇందుకోసం రెండు ఊళ్ల కథ తెలుసుకోవాలి. ఒకటి యూరప్‌లోని హంగరీ రాజధాని బుడాపెస్ట్. రెండవది మన హైదరాబాదు.

ముందు హంగరీ సంగతి. అది కోటిమంది జనాభా కూడా లేని చిన్న దేశం. బుడాపెస్ట్ శివార్లలో కిస్పెష్ట్ అనే పేట ఉంది. అక్కడ 1909లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. ఫెరెంత్స్ పుష్కాష్, యోజెఫ్ బోజిక్ అనే ఇరుగుపొరుగు ఇళ్ల పిల్లలు ఆ పేట సందుల్లోనే బంతి తన్నుతూ పెరిగారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత హంగరీలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. కార్ఖానాలను జాతీయం చేసినట్టే క్లబ్బులను కూడా జాతీయం చేశారు. 1949 చివరిలో కిస్పెష్ట్ క్లబ్బును సైన్యానికి అప్పగించి, దానికి హోన్వేద్ అని పేరు పెట్టారు. ఆ మాటకు దేశరక్షకుడు, అంటే హంగరీ సిపాయి, అని అర్థం. పోలీసు శాఖను చూసే అంతరంగిక మంత్రిత్వశాఖకు ఉయ్‌పెష్ట్ క్లబ్బు దక్కింది. ఎం.టి.కె. అనే మరో పాత క్లబ్బు రహస్య పోలీసుల నీడలోకి వెళ్లింది.

సైన్యానికి క్లబ్బు దొరికితే ఏం లాభం అంటారా? ఆ దేశంలో యువకులందరికీ సైనిక సేవ తప్పనిసరి. అందుచేత మంచి ఆటగాడు ఏ క్లబ్బులో ఉన్నా, సైన్యంలోకి పిలిపించి హోన్వేద్ జట్టులో వేసుకోవచ్చు. షాండోర్ కోచిష్, జోల్తాన్ సీబోర్ వంటి మేటి ఆటగాళ్లు అలాగే వేరే క్లబ్బులు విడిచి వచ్చారు. గుస్తావ్ షెబెష్ అనే జాతీయ శిక్షకుడి ఆలోచన ఇది. దేశపు జట్టులో ఆడేవాళ్లు ఏడాది పొడుగునా ఒకే క్లబ్బులో కలిసి ఆడితే ఒకరి కదలిక మరొకరికి కంటితో చూడకుండానే తెలుస్తుందని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో హంగరీ బంగారు పతకం గెలిచింది. 1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో, ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లయిన ఇంగ్లండును 6-3 గోల్స్‌తో ఓడించింది. 1954 ప్రపంచ కప్పు ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో 3-2తో ఓడేవరకు, నాలుగేళ్లపాటు అధికారిక మ్యాచ్‌లలో ఆ జట్టుకు ఓటమి లేదు. సైన్యంలో మేజరు హోదా పొందిన పుష్కాష్‌ను పత్రికలు 'దౌడు తీసే మేజరు' అని పిలిచాయి. ఆయన యుద్ధరంగంలో చేసింది ఏమీ లేదు. ఆయన ఆయుధం ఎడమ కాలు.

ఇక మన హైదరాబాదుకు వద్దాం. ఇక్కడ సైన్యం కాదు, పోలీసు శాఖ. హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు నిజాం కాలంలో, 1939లో ఏర్పడింది. ఈ జట్టుకు పేరు తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. కిస్పెష్ట్ క్లబ్బు పుట్టిన 1909లోనే ఆయనా పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. అందుకే అందరూ రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. హంగరీలో ప్రభుత్వం హుకుం జారీ చేసి ఆటగాళ్లను తెచ్చుకుంటే, ఇక్కడ హుకుం లేదు, నౌకరి ఉంది. బస్తీల్లో బాగా ఆడే కుర్రవాడిని పోలీసులో చేర్చుకుంటారు. నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. పొద్దునా సాయంత్రం మైదానంలో సాధన. ఆ రోజుల్లో మన దేశంలో ఆట మీద బతకడం సాధ్యం కాదు. పేదింటి పిల్లవాడికి ఈ నౌకరే ఆటను బతికించింది.

దాని ఫలితం చూడండి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసులు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు గెలిచారు. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో బ్రిటిషు పటాలాల కోసం మొదలైన పోటీ. దాన్ని 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి గెలుచుకున్నారు. మోహన్ బగాన్ అంటే ఏపాటి జట్టో ముల్చేర తాలూకాలో స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాల వారిని అడిగితే చెబుతారు. ఆ తరువాత 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ కప్పు హైదరాబాదుకు వచ్చింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో అదే జట్టు మరోసారి గెలిచింది.

ఈ రెండు కథలూ ఒకచోట కలుస్తాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అదే యుగోస్లావియాను ఫైనల్లో హంగరీ 2-0తో ఓడించింది. మనల్ని పది గోల్స్‌తో ఓడించిన జట్టును ఒక్క గోలు కూడా చేయనివ్వని జట్టు ఎలా ఆడుతుందో చూడాలని ఏ శిక్షకుడికి ఉండదు? హంగరీ ఆటతీరు ప్రభావం రహీం సాబ్ మీద పడిందని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవారు చెబుతారు. వెంబ్లీలో హంగరీ వారు సెంటర్ ఫార్వర్డును గోలు దగ్గర నిలబెట్టకుండా కొంచెం వెనక్కి తెచ్చి ఆడించారు. అతని వెంట పోవాలో, తన చోటనే ఉండాలో ఇంగ్లండు రక్షకుడికి తోచలేదు. ఒంటరిగా బంతి పట్టుకుని ఉరకడం కాదు, చిన్న పాసులతో కలిసికట్టుగా కదలాలి అన్నదే దాని సారం. రహీం సాబ్ మన ఆటగాళ్లకు నేర్పిన పాఠమూ ఇదే.

నాలుగేళ్ల తరువాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు మొదటి మ్యాచ్ ఎవరితో పడిందో తెలుసా? హంగరీతోనే. కానీ ఆ మ్యాచ్ జరగలేదు. హంగరీ ఫుట్‌బాల్ జట్టు రాలేదు, మనవాళ్లు ఆడకుండానే ముందుకు వెళ్లారు. ఆ తరువాత ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం సంపాదించారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకుమించి ఎన్నడూ పోలేదు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సికిందరాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం వంటి మన ప్రాంతపు ఆటగాళ్లు ఉన్నారు.

మరి ఆ 1956లో హంగరీలో ఏం జరుగుతున్నది? అక్టోబరు 23న బుడాపెస్ట్‌లో ప్రజలు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు నగరంలోకి వచ్చాయి. హోన్వేద్ జట్టు అప్పటికి పరదేశం వెళ్లింది. స్పెయిన్‌లో బిల్బావో జట్టుతో మొదటి మ్యాచ్ ఆడారు. రెండవ మ్యాచ్ సొంత ఊళ్లో ఆడే పరిస్థితి లేక బ్రస్సెల్స్‌లో ఆడారు. తిరిగి రమ్మని పైనుంచి ఆజ్ఞ. ఆటగాళ్లు దాన్ని కాదని బ్రెజిల్ పర్యటనకు వెళ్లారు. చివరకు కొందరు ఇంటికి మళ్లారు. పుష్కాష్, కోచిష్, సీబోర్ వెళ్లలేదు. సిపాయి హోదా ఉన్న మనిషి తిరిగి రాకపోతే దాన్ని ఏమంటారో మీకు తెలుసు. అంతర్జాతీయ సమాఖ్య వారిని ఆట నుంచి నిషేధించింది. నిషేధం తీరాక పుష్కాష్ 1958లో రియల్ మాడ్రిడ్‌లో చేరి మళ్లీ మెరిశారు. కానీ పుట్టిన ఊరు చూడడానికి 1981 దాకా ఆగవలసి వచ్చింది. తరువాత ఆయన బతికి ఉండగానే, 2002లో, బుడాపెస్ట్‌లోని పెద్ద స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఇందులో గ్రహించవలసింది ఒకటుంది. యూనిఫారం ఆటగాడికి తిండి పెడుతుంది, మైదానం ఇస్తుంది, సమాజంలో గౌరవం తెస్తుంది. అయితే యూనిఫారం పుట్టింది ఆట కోసం కాదు. అవసరం వచ్చిననాడు దానికి వేరే పని ఉంటుంది. హైదరాబాదు పోలీసు జట్టు కప్పులు గెలుస్తున్న తొలి రోజుల్లోనే, తెలంగాణా పల్లెల్లో రైతాంగ పోరాటం నడుస్తున్నది. అక్కడి జనానికి పోలీసు అంటే ఫుట్‌బాల్ గుర్తుకు రాలేదు. ఒకే టోపీకి పట్నంలో ఒక అర్థం, పల్లెలో ఇంకొక అర్థం. అడవి అంచున బతికే మన సరిహద్దు జనానికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో ట్యాంకులు రాలేదు. కానీ అక్కడా జట్టు వెలుగు నిలవలేదు. రహీం సాబ్ జబ్బు మనిషిగా ఉండి కూడా 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం తెచ్చిపెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. 1963 జూన్ 11న ఆయన క్యాన్సరుతో కన్నుమూశారు. హబీబ్, నయీముద్దీన్ వంటి తరువాతి తరం వారు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. 1965లో ఆంధ్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఆఖరు. ఒక శాఖ మీద, ఒక పెద్దమనిషి మీద ఆధారపడిన ఆట, ఆ అండ తొలగగానే వాడిపోయింది. ఊరూరా బడులు, చిన్న క్లబ్బులు వేళ్లూని ఉంటే సంగతి వేరుగా ఉండేదేమో.

అలాగని ఈ దారి చెడ్డదని చెప్పడం లేదు. మిల్ఖా సింగ్ పరుగు నేర్చింది సికిందరాబాదులోని సైనిక శిక్షణ కేంద్రంలోనే. దేశ విభజనలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న కుర్రవాడికి పటాలమే ఇల్లయింది. సైనిక దళాల సర్వీసెస్ ఫుట్‌బాల్ జట్టు 2024 మార్చి నాటికి సంతోష్ ట్రోఫీని ఏడుసార్లు గెలిచింది. 2024లోనే నిజామాబాదు బాక్సర్ నిఖత్ జరీన్‌కు తెలంగాణా ప్రభుత్వం డి.ఎస్.పి. ఉద్యోగం ఇచ్చింది. మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆటగాళ్లకు 5 శాతం రిజర్వేషను ఉంది. గడ్చిరోలి జిల్లా పిల్లలకు ఇవన్నీ తెరిచి ఉన్న తలుపులే.

అయితే తలుపు తెరిచి ఉందని ముందూ వెనకా చూడకుండా దూరిపోరాదు కదా. పిల్లవాడిని ఆటగాడిగా భర్తీకి పంపే తల్లిదండ్రులు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. కాలు విరిగి ఆట ఆగిపోతే నౌకరి నిలుస్తుందా? ఆట వయసు దాటాక ఏ పనిలో వేస్తారు? చదువు కొనసాగించే వీలుంటుందా? ఆటగాడిగా చేరినవాణ్ణి మామూలు బందోబస్తుకు ఎప్పుడు పంపుతారు? ఈ మాటలు అడగడం అవిశ్వాసం కాదు, జాగ్రత్త. ఇక భర్తీలో చోటు దొరకని పిల్లలూ ఉంటారు. పదిమంది ఆడితే ఒక్కడికి నౌకరి వస్తుంది. మిగిలిన తొమ్మిదిమంది ఆట మానేయనక్కరలేకుండా ఊళ్లో మైదానం, బళ్లో ఒక బంతి, నేర్పడానికి ఒక మాస్టారు ఉండాలి. పుష్కాష్‌కు సైన్యం ఇచ్చింది మేజరు హోదా. బంతిని తన్నడం మాత్రం ఆయన కిస్పెష్ట్ సందుల్లోనే నేర్చుకున్నారు.