వ్యర్థాల కళ - సామూహిక ప్రదర్శన: గుంటూరు, ప్రకాశం మైదానాల పరిశీలన

వ్యాససంగ్రహం: పారవేసిన వస్తువులతో రూపొందించిన కళాఖండాల ప్రదర్శనలను సాధారణంగా పర్యావరణ పరిరక్షణకు చేసిన సేవగా కొనియాడుతారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ఉదాహరణలను పరిశీలిస్తే, ఇటువంటి ప్రదర్శనల విలువ తగ్గించిన వ్యర్థాల పరిమాణంలో కాక, ఒక ప్రాంతం తాను పారవేస్తున్నదేమిటో తనకు తాను చూపుకోవడంలో ఉన్నదని తెలుస్తుంది. ఆ దృష్టితో తెనాలి తుక్కు శిల్పాలను, ఇళ్ళలోని పునర్వినియోగ కళలను, పత్తి మిరప సేద్యంలో మిగిలే వ్యర్థాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తుక్కు శిల్పం, తెనాలి, బొమ్మల కొలువు, బొంత, పురుగుమందు డబ్బాలు, సామూహిక ప్రదర్శన.

1. ఉపోద్ఘాతం

2022 నాటి జిల్లాల పునర్విభజనకు ముందున్న గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని నల్లరేగడి నేలలు పత్తికి, మిరపకు పేరు పొందాయి. ఈ నేలల మీద పంటతో పాటు మిగులు కూడా పెద్దఎత్తున పుడుతుంది. పత్తి ఏరిన తరువాత చేలో నిలిచే కట్టె, కల్లాలలో చిరిగిన పట్టాలు, పాతబడిన గోనె సంచులు, పనికిరాని డ్రిప్ పైపులు, మల్చింగ్ షీట్ల ముక్కలు, ఖాళీ పురుగుమందు డబ్బాలు అందులో కొన్ని. పట్టణాలలో వాహనాల మరమ్మతు షెడ్ల నుంచి వచ్చే ఇనుప తుక్కు దీనికి తోడవుతుంది. ఈ మిగులులో ఏది కళగా మారి పదిమంది ముందుకు వస్తోంది, ఏది రావడం లేదు అన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. ఇంటి సంప్రదాయంలో పునర్వినియోగం

వ్యర్థాలతో కళ అనే మాట కొత్తదైనా, ఆచరణ తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. నలిగి మెత్తబడిన నేతచీరలను పొరలుపొరలుగా పేర్చి బొంతలు కుట్టడం, పాత కాగితాలను నానబెట్టి మెంతులు కలిపి రుబ్బి, ఆ గుజ్జును గిన్నె మీద పరచి బుట్టలు చేయడం, గుడ్డపీలికలతో బొమ్మలు కుట్టడం స్త్రీల చేతి పనులుగా నిలిచాయి. వీటిని కళగా ఎవరూ పేర్కొనలేదు. అయితే బొంతలో రంగుల కూర్పు, అంచుల అమరిక కేవలం అవసరం కోసం చేసినవి కావు.

ఈ ఇంటి పనికి ప్రదర్శన వేదిక కూడా ఉండేది. కోస్తా ప్రాంతంలో సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువులో కొన్న బొమ్మల పక్కన ఇంట్లో చేసిన బొమ్మలు కూడా చోటు చేసుకుంటాయి. పేరంటానికి వచ్చిన ఇరుగుపొరుగు వాటిని చూస్తారు, ఎవరు చేశారని అడుగుతారు. చేసినవారు, చూసేవారు ఒకరినొకరు ఎరిగి ఉండడం, వస్తువు పూర్వరూపం అందరికీ తెలిసి ఉండడం ఈ ప్రదర్శన లక్షణాలు. ఫలానా చీర ఫలానా పెళ్ళినాటిదని బొంతను చూసి గుర్తుపట్టగలగడమే అందులోని ఆనందం. సామూహిక ప్రదర్శనకు ఇది స్థానికమైన నమూనాగా గ్రహించదగినది.

3. తెనాలి తుక్కు శిల్పాలు

నేటి కాలంలో ఈ ప్రాంతపు వ్యర్థకళకు తెనాలి ప్రముఖ కేంద్రం. విగ్రహాల తయారీకి పేరొందిన ఈ పట్టణంలో సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర ఇనుప తుక్కుతో శిల్పాలు నిర్మించి గుర్తింపు పొందారు. సుమారు 75,000 ఇనుప నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహాన్ని, 2021లో దాదాపు రెండు టన్నుల తుక్కుతో 14 అడుగుల ప్రధాని నరేంద్ర మోదీ విగ్రహాన్ని వారు రూపొందించారు. నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ళచక్రాలు ఈ శిల్పాలకు ముడిసరుకు.

ఈ పనిలో నైపుణ్యం వెల్డింగులో మాత్రమే లేదు. మట్టిని, మైనాన్ని శిల్పి తనకు కావలసినట్లు వంచుకోగలడు. తుక్కుకు ముందే ఒక ఆకారం ఉంటుంది. ఏ పళ్ళచక్రం భుజానికి సరిపోతుందో, ఏ గొలుసు వస్త్రపు మడతగా కనిపిస్తుందో ఏరుకోవలసిందే. దూరం నుంచి మూర్తి, దగ్గరకు వెళితే యంత్రభాగాలు కనిపించే ఈ ద్వంద్వదృష్టే ప్రేక్షకులను ఆకర్షిస్తుంది. మెకానిక్ వంటి శ్రామికుడు తాను రోజూ చేతపట్టే వస్తువును శిల్పంలో గుర్తించి ఆగిపోవడానికి కారణం ఇదే.

అయితే ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఇనుప తుక్కు నిజానికి వ్యర్థం కాదు. దానికి తూకానికి ఇంతని ధర ఉంది, కొనేవారున్నారు, కరిగించే కొలిమి ఉంది. శిల్పంగా మారిన రెండు టన్నుల ఇనుము కొలిమికి వెళ్ళదు, అంతే. కాబట్టి పర్యావరణానికి కలిగిన మేలును టన్నులలో లెక్కించి ఈ కళను సమర్థించడం బలహీనమైన వాదన. దాని సార్థకత చూపులో తెచ్చే మార్పులో ఉంది.

4. రెండు పోలికలు

చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ ఈ విషయాన్ని విశదం చేస్తుంది. రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నేక్‌చంద్ 1950ల చివరి నుంచి రహస్యంగా నిర్మించిన ఈ ఉద్యానం 1976లో ప్రజలకు తెరుచుకుంది. కొత్త నగరం కోసం కూల్చిన గ్రామాల శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ పెంకులు అందులో బొమ్మలయ్యాయి. అక్కడి వ్యర్థం ఆ నగరపు పుట్టుక కథనే చెబుతుంది. 2019లో ఢిల్లీలో ప్రారంభమైన వేస్ట్ టు వండర్ ఉద్యానంలో సుమారు 150 టన్నుల తుక్కుతో ప్రపంచపు ఏడు వింతల నమూనాలను నిలిపారు. అది జనాదరణ పొందింది. కాని ఈఫిల్ టవర్‌గా మారిన తుక్కు తాను ఏ వీధి నుంచి వచ్చిందో చెప్పదు. మొదటిదానిలో పదార్థానికి జ్ఞాపకం ఉంది, రెండవదానిలో పదార్థం రూపానికి లొంగిపోయింది.

5. ప్రదర్శనకు రాని వ్యర్థం

ఈ గీటురాయిపై చూస్తే గుంటూరు, ప్రకాశం మైదానాలకు అసలైన గుర్తు ఇనుప తుక్కు కాదు, పురుగుమందు డబ్బా. 1987-88లో తెల్లదోమ తాకిడికి పత్తి దెబ్బతిని, మందుల ఖర్చు అప్పులుగా మారి, ఈ రెండు జిల్లాలలో పత్తి రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. ఈ ప్రాంత సామాజిక చరిత్రలో పురుగుమందు డబ్బా పంటరక్షణకూ, అప్పుకూ, మరణానికీ కూడా గుర్తు. చేలగట్ల మీద, కాలువల పక్కన అది నేటికీ కనిపిస్తుంది.

కాని దానిని బడిపిల్లల చేతికిచ్చి పూలకుండీగా చేయించడం ప్రమాదకరం. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమావళిలోని 44వ నియమం ప్రకారం వాడిన డబ్బాలను మళ్ళీ వాడుకునే వీలు లేకుండా బయట వదలరాదు, వాటిని పగులగొట్టి నివాసాలకు దూరంగా పాతిపెట్టాలి. అంటే, ఈ నేల కథను అందరికంటే ఎక్కువగా చెప్పగల వస్తువే కళకు అందకూడని వస్తువు. ‘ప్రతి వ్యర్థమూ సంపదే’ అనే నినాదానికి ఇక్కడ హద్దు కనిపిస్తుంది. కొన్ని వ్యర్థాలను అందంగా మార్చరాదు, పుట్టకుండా చూడాలి.

వస్తువును తేలేకపోయినా దాని ఉనికిని ప్రదర్శించవచ్చు. ఒక ఎకరంలో ఒక పంటకాలంలో ఖాళీ అయిన డబ్బాల సంఖ్యను రైతులే చెప్పగా గోడపై గీతలుగా గీయడం, ఛాయాచిత్రాలు పెట్టడం, మట్టితో వాటి ప్రతిరూపాలు చేయడం అందుకు మార్గాలు. గోనె సంచులు, పత్తి కట్టె మందుల డబ్బాల వంటి ప్రమాదం లేనివి గనుక, శుభ్రపరచి నేరుగా వాడుకోవచ్చు. ప్రతి కృతి పక్కన ఆ పదార్థం ఏ ఊరిది, ఏ పంటది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న వివరం ఉంటే, బొంతను చూసి చీరను గుర్తుపట్టిన అనుభవం ప్రేక్షకుడికి తిరిగి దక్కుతుంది.

6. ముగింపు

తెనాలి శిల్పులు తుక్కులో దాగిన ఆకారాన్ని చూడగల కన్నును ఈ ప్రాంతానికి ఇచ్చారు. బొమ్మల కొలువు, బొంత ఆ చూపును ఇంటింటా పంచుకునే పద్ధతిని అంతకుముందే నేర్పాయి. ఈ రెండింటినీ చేలగట్టు వరకు తీసుకువెళ్ళే ప్రదర్శనలు ఈ మైదానాలకు అవసరం. అటువంటి ప్రదర్శనను అంచనా వేసేటప్పుడు ఎన్ని టన్నుల వ్యర్థం వాడారని కాక, ఆ వ్యర్థం ఎక్కడిది, దానిని ఎవరు తెచ్చారు, ప్రదర్శన ముగిశాక అది ఎక్కడికి వెళుతుంది అనే మూడు ప్రశ్నలు వేసుకోవడం పరిశోధకులకు మేలైన మార్గం.