ఉరులు వేయువారు - లోకకుతూహలము

పెక్కుమందిని వరుసగాఁ జంపిన హంతకుని కథ యెచట వినఁబడినను జనులు చెవి యొగ్గి విందురు. ఆ కథ నిజముగా జరిగినదైనను, కవికల్పితమైనను ఈ కుతూహలమునకు లోటు లేదు. అట్టి హంతకుని నేఁడు ‘సీరియల్ కిల్లర్’ అనుచున్నారు. ఇంచుమించుగా నీ యర్థమే గల జర్మనుపదమును 1930 లో బెర్లిను పోలీసు అధికారియగు ఎర్నస్ట్ గెన్నాట్, డ్యూసెల్‌డార్ఫ్ నగరమున హత్యలు గావించిన పీటర్ క్యుర్టెనును గూర్చి వ్రాయుచుఁ బ్రయోగించెను. మఱుసటి యేఁటనే, 1931 లో, ఫ్రిట్జ్ లాంగ్ ‘ఎమ్’ అను చలనచిత్రమున శిశుహంతకుని నొకనిఁ జూపెను. నిజహంతకునకుఁ బేరు పెట్టుటయు, కల్పితహంతకుఁడు తెరపై నిలుచుటయు నొక్క యేఁడాది లోపల జరిగినవి.

ఈ కుతూహలము పాశ్చాత్యుల సొత్తని కొందఱు తలఁతురు. అది సరికాదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున యూరపుఖండమును మోహపెట్టిన హంతకకథ మన దేశపు బాటలపైఁ బుట్టినది. అదియే ఠగ్గుల కథ. దానికిఁ జిత్తూరు సీమతోను, హైదరాబాదుతోను గూడ సంబంధము గలదు. ఏకాకియై చంపు క్యుర్టెను వంటివానికిని, గుంపు గట్టి ధనమునకై చంపిన ఠగ్గులకును భేదము లేకపోలేదు. మొదటివాఁడు చంపుటయందే సుఖము గోరెను; రెండవవారు బాటసారి మూటను గోరిరి. కాని వినువారి కుతూహలము రెండుచోట్లను నొక్కటియే. ఆ కథ యెట్లు పుట్టెను, ఎట్లు పెరిగెను, ఎవరి కేమి చేసెను అను విషయములను విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

మొదట నామవిచారము. కప్పుట, దాఁచుట అను నర్థముగల ‘స్థగ’ ధాతువునుండి వచ్చిన దేశ్యభాషాపదము ‘ఠగ్’. మోసగాఁడని దాని యర్థము. దక్షిణమున నీ పేరు మొదట వాడుకలో లేదు. 1799 లో శ్రీరంగపట్టణము పడిన పిదప బెంగుళూరు ప్రాంతమున నూఱుమంది దాఁక పట్టువడిరి గాని, వారి వృత్తి యెట్టిదో యధికారుల కప్పుడు బోధపడలేదు. 1807 లో చిత్తూరు ఆర్కాటు పట్టణముల నడుమ నొక ముఠాకుఁ జెందినవారు పట్టువడిరి. వీరిని ‘ఫాఁసీగర్లు’ అనిరి. డాక్టరు రిచర్డు షెర్వుడ్డు 1816 లో చెన్నపట్టణమున వీరినిగూర్చి యొక వ్యాసము ప్రకటించెను. అది 1820 లో ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ పదుమూఁడవ సంపుటమునఁ బునర్ముద్రిత మయ్యెను.

ఆ వ్యాసమున షెర్వుడ్డు వీరికి దక్షిణభాషలలోఁ గల పేళ్లను జెప్పెను. కన్నడపుఁ బేరునకు నరపుటుచ్చుతోఁ జంపు దొంగలని యర్థము. తెలుఁగు పేరు ఆంగ్లలిపిలో ‘వార్లు వాండ్లు’ అనియు, ‘వార్లు వేసే వాండ్లు’ అనియుఁ జదువఁదగినట్లున్నది. ఉచ్చును బ్రయోగించువారని యాతఁడే యర్థము చెప్పినాఁడు గావున, నిది ‘ఉరులవాండ్లు’, ‘ఉరులు వేసేవాండ్లు’ అను మాటలకు వికృతలేఖనమని నిశ్చయింపవచ్చును. ‘వేసే’ యను వ్యావహారికరూప మిందు నిలిచియుండుటచే నీ మాట గ్రంథములనుండి కాక జనుల నోటినుండియే గ్రహింపఁబడెనని తోఁచుచున్నది. ఉత్తరమున వారికి మోసమును బట్టి పేరు వచ్చెను. మన వైపున సాధనమును బట్టి వచ్చెను. లోకమును మోహపెట్టినది మాత్ర ముత్తరపుఁ బేరే. ఉచ్చుకంటె మోసమే కథకు రుచి కల్పించును.

ఆ మోస మెట్టిదనఁగా: ఠగ్గులు బాటసారులవలెనే వేషము దాల్చి, దారిలోఁ గలిసినవారితో స్నేహము చేయుదురు. కలిసి వండుకొందురు, కలిసి నడతురు. కొన్నాళ్లకు విశ్వాసము కుదిరిన పిమ్మట, అనువైన తావున, నాయకుఁడు సంకేతవాక్యము పలుకును. అంతట రుమాలు మెడకుఁ జుట్టుకొనును. శవమును వెంటనే పూడ్చివేయుదురు. చూచినవాఁడు మిగులఁడు. ఇంటివారికిఁ దెలియునది యొక్కటే: పోయినవాఁడు రాలేదని. సెలవుపైఁ దమ యూళ్లకుఁ బోవు సిపాయిలు పలువు రిట్లు మాయమగుచుండఁగా, వారిని హెచ్చరించుచు మేజరు జనరలు సెంట్ లెజరు 1810 లో నొక యాజ్ఞ వెలువరించెను.

ఈ భయమును కథగా మార్చినవారిలో మొదటివాఁడు విలియము హెన్రీ స్లీమన్. కలకత్తా సాహిత్యపత్రికలో 1830 లో పేరు లేని లేఖ యొకటి వెలువడెను. ఠగ్గుల క్రూరకృత్యములను వింధ్యాచలదేవి యాలయముతో ముడివెట్టిన యా లేఖ యీతఁడు వ్రాసినదే. 1835 లో ఠగ్గుల నడఁచు శాఖకు స్లీమన్ ముఖ్యాధికారి యయ్యెను. 1836 లో వారి రహస్యభాషకు నిఘంటువును, వారి వాఙ్మూలములను జేర్చి ‘రామసియాన’ యను గ్రంథమును గలకత్తాలోఁ బ్రకటించెను. ఆ సంవత్సరమే వచ్చిన ముప్పదవ చట్టము, ఠగ్గుల ముఠాలోఁ జేరియుండెనని ఋజువైన చాలును, యావజ్జీవకఠినశిక్ష విధింపవచ్చునని శాసించెను. ఇందుఁ జేసిన పనికిఁ గాక, చేరిన గుంపునకు శిక్ష యేర్పడినది. ఈ సంగతి ముందు మఱల నవసరపడును.

రెండవవాఁడు ఫిలిప్ మెడోస్ టైలర్. ఇతఁడు 1808 లో జన్మించి, 1824 లో నైజాము కొలువునఁ జేరి, దక్కనున బహుకాలము పనిచేసెను. 1839 లో ‘ఒక ఠగ్గు చెప్పిన నేరకథ’ యను నర్థము వచ్చు పేరితో మూఁడు సంపుటముల యాంగ్లనవలను లండనునఁ బ్రకటించెను. అమీర్ అలీ యను ఠగ్గు దొరయెదుటఁ గూర్చుండి తన చరిత్రమును జెప్పుకొనుట దాని రచనాక్రమము. హైదరాబాదు వీథులును, చార్మినారును అందు వర్ణితములు. విక్టోరియారాణి ముద్రణము ముగియక మునుపే యచ్చుపత్రములఁ దెప్పించుకొని చదివెనని ప్రసిద్ధి. అమీర్ అలీ తన హత్యల సంఖ్య 719 అని చెప్పును. చెప్పి సిగ్గుపడఁడు, చెఱ రాకున్న సంఖ్య పెరిగియుండునని చింతించును.

ఇచ్చట నలంకారశాస్త్ర మేమి చెప్పునో చూతము. భయానకరసమున కుదాహరణముగా అభినవగుప్తుఁడు శాకుంతలమున దుష్యంతుని రథమునకు ముందు పరువెత్తు లేడిని వర్ణించిన పద్యము నెన్నుకొనెను. ఆ పద్యము చెప్పువాఁడు వేఁటకాఁడైన రాజే. కాని భయమున కాశ్రయము లేడి. వేఁటకాని నోటనే వచ్చినను మనచిత్తము లేడి ప్రక్కనే పరువెత్తును. ఆ భయము నాది, నీది యను భేదము తొలఁగి సర్వసాధారణ మగుటచేతనే యది యాస్వాద్య మగుచున్నది. టైలరు నవలలోనో, కథ చెప్పువాఁడు వేఁటకాఁడే, చిత్తమున కాశ్రయమును వేఁటకాఁడే. పాఠకుఁడు బాటసారితోఁ గూడ భయపడుటలేదు. ఠగ్గుతోఁ గూడి సంకేతవాక్యమునకై యెదురుచూచుచున్నాఁడు. అది భయానకము కాదు. హంతకుని నేర్పును జూచి కలుగు విస్మయము. ఉత్సాహమనుచితమైన చోట వీరమెట్లు రసాభాస మగునో, యీ విస్మయము నట్టిదే. నేఁటి హంతకకథలు పెక్కింటికి మూలసూత్ర మిదియే. 1988 నాటి థామస్ హారిస్ నవలలోను, దానిననుసరించి 1991 లో వచ్చిన చలనచిత్రమునను గల హన్నిబల్ లెక్టరును జనులు మఱవలేదు. ఆ కథలోఁ జచ్చినవారి పేళ్లు చెప్పఁగలవా రెందఱు?

ఈ విస్మయమునకు సంఖ్య యాహారము. బహ్రామ్ అను ఠగ్గు 931 మందిని జంపెనని పుస్తకములు వ్రాయుచు వచ్చినవి. పేటన్ అను నధికారి వ్రాసికొన్న మూలపత్రమునఁ గలది వేఱు: అన్ని హత్యలు జరిగినపుడు బహ్రామ్ అచట నుండెనని యర్థము, తన చేతులతోఁ జంపినవారు సుమారు 125 మంది యని వాఁడు చెప్పెను. అదియుఁ దక్కువ పాపము కాదు. కాని లోకమునకుఁ బెద్ద సంఖ్యయే యింపైనది. స్లీమను మనుమఁడు 1933 లో వ్రాసిన గ్రంథము పేరిలోనే పది లక్షల హత్యలు చేరినవి. 2005 లో మైక్ డాష్ పత్రములను బరిశీలించి, మొత్తము 50,000 పరిసరముల నుండవచ్చునని యంచనా వేసెను.

సంఖ్య యిట్లు పెరుగుట క్రొత్త కాదు. మజ్ఝిమనికాయమున నంగులిమాలుని సూత్రము గలదు. చంపినవారి వ్రేళ్లను మాలగా ధరించెనని సూత్రము చెప్పును గాని, వేయి వ్రేళ్ల లెక్క యందు లేదు. గురువు వేయి వ్రేళ్లు దక్షిణగాఁ గోరె ననునది యట్ఠకథలోని మాట. మూలమునకు హంతకుని మార్పు ప్రధానము. వ్యాఖ్యానమునకు లెక్కయుఁ గావలసివచ్చెను. ఐనను సూత్ర మొకటి మఱవలేదు: భిక్షువైన పిమ్మటను అంగులిమాలుఁడు భిక్షకుఁ బోయినపుడు జనులు ఱాళ్లు రువ్విరి, తల పగిలినది. చచ్చినవారి బంధువుల దుఃఖ మా ఱాళ్లలో నిలిచియున్నది.

ఈ కుతూహలమునకు మూలమేమి? మార్కు ట్వేన్ 1896 లో మనదేశమును దర్శించి, 1897 నాటి యాత్రాగ్రంథమున ఠగ్గులనుగూర్చి విస్తరించి వ్రాసెను. చంపుటయందును, చంపుటను జూచుటయందును గల యాహ్లాదము మానవజాతి కంతకు సామాన్యమనియు, తెల్లవారును గొంత మార్పు చెందిన ఠగ్గులే యనియు నాతని తాత్పర్యము. ఇది సత్యమే గాని సగము సత్యము. చూచుట యంతయుఁ జంపుటయందలి ప్రీతియే యనరాదు. దారిలో నవ్వుచు నన్నము పెట్టినవాఁ డెట్టివాఁడో యెఱుఁగఁగోరుట యాత్మరక్షణమునకుఁ బుట్టిన బుద్ధి. పాము పుట్టను బిల్లలు దూరమునుండి చూతురు. అది పామునందలి ప్రేమ కాదు. హద్దు దాఁటి చేయి పెట్టుటయే చేటు.

హద్దు దాఁటినదనుటకు ఠగ్గుల కథయే సాక్ష్యము. సాగరులో నురితీయఁబడిన యేడుగురి తలలను డాక్టరు స్ప్రై యెడింబరోలోని కపాలశాస్త్రసంఘమునకుఁ బంపెను. చంపు బుద్ధికి స్థానమని వారు నమ్మిన భాగ మే కపాలమునను బ్రధానముగాఁ గానరాలేదు. ఆ శాస్త్రము నేఁడు త్రోసివేయఁబడినది. కాని హంతకుఁడు పుట్టుకచేతనే వేఱుజాతివాఁడు గావలెనను కోరిక యంతటితోఁ జావలేదు. 1939 నాటి ‘గంగా దీన్’, 1984 నాటి ‘టెంపుల్ ఆఫ్ డూమ్’ అను చలనచిత్రములలో ఠగ్గులు కాళికి నరబలు లిచ్చు మతోన్మాదులై యవతరించిరి. వారిలో హిందువులు, ముసల్మానులు నుభయులు నుండిరనియు, మూటలోని ధనమే ముఖ్యకారణమనియు నందు మఱుగుపడెను.

ఇందుకుఁ బ్రతిగా, ఠగ్గులే లేరు, ఆంగ్లేయులు కల్పించిరని చెప్పినవారును గలరు. 2007 లో కిమ్ వాగ్నరు ప్రకటించిన పరిశోధనము మధ్యమార్గమును జూపినది. బాటసారులఁ జంపు ముఠాలు నిజము; దేశమంతటను వ్యాపించిన యేకమతసంఘము మాత్రము కల్పన. క్షమాభిక్షకై తోడివారిని బట్టియిచ్చిన సాక్షుల మాటలపై నీ కల్పన మిక్కిలిగా నాధారపడినది. అట్టి సాక్షి విచారకుఁడు వినఁగోరినదియే చెప్పుట సహజము.

ఇఁక ఫలము. 1836 నాటి చట్టమున గుంపునకు శిక్ష పడినదని పైఁ జెప్పితిమి. 1871 లో ‘నేరస్థజాతుల’ చట్టము వచ్చి, కొన్ని కులములవారిని బుట్టుకతోడనే దొంగలుగా నెంచెను. 1911 లో నది చెన్నపురిరాజధానికి వ్యాపించెను. 1913 లో బాపట్ల చెంత స్టూవర్టుపురమున నెఱుకలవారికిఁ గాపుదలతోఁ గూడిన నివాస మేర్పడినది. దీని కంతకు ఠగ్గుల కథ యొక్కటియే కారణమనుట యతిశయోక్తి. కాని నేరము వంశమున వచ్చునను తలంపును విద్యావంతులలోఁ బాదుకొల్పుటకు నా కథ మిగులఁ దోడ్పడెను. ఆ చట్టము చెన్నపురిరాష్ట్రమున 1947 లోను, దేశమంతట 1952 లోను రద్దయ్యెను. చట్టము పోయినను మాట పోలేదు. కులము పేరు వినఁగానే జేబు తడుముకొనువారు నేఁటికిని గలరు. హంతకునిపై లోకమునకుఁ గలిగిన మోజునకు, హత్య యెఱుఁగని కుటుంబములు మూల్యము చెల్లించినవి.

కావున నట్టి కథలను బఠింపరాదని నిషేధించుట మా యభిప్రాయము కాదు. నిషేధించినఁ గుతూహలము హెచ్చును. పఠించునపుడు మూఁడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ సంఖ్య యెవరు చెప్పినది? ఈ సాక్షికి లాభ మేమి? ఈ కథలో మన చిత్తము లేడి ప్రక్క నున్నదా, వేఁటకాని ప్రక్క నున్నదా? పాఠశాలలలో శాకుంతలము బోధించు పండితులు మూఁడవ ప్రశ్నను బాలురకు సులభముగా నేర్పఁగలరు. చిత్తూరు బాటపై నడచి యిల్లు సేరని సిపాయి పేరు మనకుఁ దెలియదు; వానిని జంపినవారికి మాత్రము తెలుఁగునఁ బేరు మిగిలినది. ఈ యన్యాయమును గుర్తించుటయే పరిశోధకుఁడు వానికిఁ జేయఁగల యుత్తరక్రియ.