జట్టు కూర్పులో పెద్దలు, పిన్నలు

భారత క్రికెట్టు జట్టు ఓడినప్పుడెల్ల మన వీథి అరుగులమీద ఒక్కటే వ్యాజ్యము లేచుచుండును. పెద్దలున్నచో వారిని దింపుడందురు. పిన్నలే యున్నచో పెద్దలను ఏల పంపివేసితిరందురు. 2024వ సంవత్సరము అక్టోబరు, నవంబరు మాసములలో న్యూజీలాండువారు మన గడ్డపై మూడు టెస్టులకు మూడింటిని గెలుచుకొనిపోయిరి. అప్పుడు రోహిత్ శర్మ, కోహ్లీ, అశ్విన్ జట్టులోనే యుండిరి. 2025 నవంబరులో దక్షిణాఫ్రికావారు కలకత్తాలోను, గౌహతిలోను రెండింటికి రెండు గెలిచిరి. అప్పటికి ఆ మువ్వురును టెస్టులనుండి విరమించి యుండిరి. వయస్సే దోషమనువారును, అనుభవలోపమే దోషమనువారును ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

వయస్సునే కొలబద్దగా గైకొన్నచో మన తొలి టెస్టు నాయకుడే జట్టులోనికి రాకపోయి యుండును. 1932లో లార్డ్సు మైదానమున ఇంగ్లండు నెదుర్కొన్ననాటికి సి. కె. నాయుడుగారికి 36 ఏండ్లు. నాగపురమున తెలుగు కుటుంబములో జన్మించిన ఆయనకు సైతము పోరుబందరు మహారాజు తప్పుకొన్న పిమ్మటనే ఆ టెస్టు నాయకత్వము దక్కెను. కిరీటమునకు బ్యాటు పట్టుట రాదని ఆ మహారాజు తానే గ్రహించుట మన భాగ్యము.

ఈ విషయమున మనకు చక్కని పాఠము 1971వ సంవత్సరము. విజయ్ మర్చంటు అధ్యక్షుడుగా నుండిన ఎన్నిక సంఘము అంతకు పూర్వమే యువకులను వెదకి తెచ్చుచుండెను. 1969లో కాన్పూరున 20 ఏండ్ల విశ్వనాథు తన తొలి టెస్టు మొదటి యిన్నింగ్సులో సున్నకు వెడలి, రెండవదానిలో 137 పరుగులు చేసెను. 1971 వెస్టిండీసు యాత్రకు మర్చంటు తన నిర్ణాయకపు ఓటుతో పటౌడీని కాదని అజిత్ వాడేకరుకు నాయకత్వ మిచ్చెను. ఇంతమట్టుకే చూచినచో పాతవారినెల్ల ఊడ్చివేసిరని తోచును. కాని ఆ జట్టులోనే మరుగునపడిన దిలీప్ సర్దేశాయి కలడు. 36 ఏండ్ల సలీం దురానీ కలడు. హైదరాబాదు జయసింహ కలడు.

కింగ్‌స్టనులో మొదటి టెస్టు. 75 పరుగులకే ఐదు వికెట్లు కూలెను. అప్పుడు 30 ఏండ్ల సర్దేశాయికి తోడుగా 22 ఏండ్ల ఏకనాథ్ సోల్కరు నిలిచెను. ఇరువురును కలిసి 137 పరుగులు కూర్చిరి. సర్దేశాయి 212, సోల్కరు 61. ఆ కుఱ్ఱవాడు రెండవ కొనను నిలువకున్నచో ద్విశతకమెక్కడిది? పెద్దవాడు ప్రక్కన లేకున్నచో కుఱ్ఱవాని నిబ్బరమెక్కడిది? పోర్ట్ ఆఫ్ స్పెయిన్ టెస్టులో దురానీ సోబర్సును సున్నకే బౌల్డు చేసి, లాయిడును సైతము వెడలగొట్టెను. 21 ఏండ్ల గవాస్కరు తన తొలి టెస్టున 65 పరుగులును, పిమ్మట అజేయముగా 67 పరుగులును చేసెను. వెస్టిండీసుపై మనకు అదియే మొదటి గెలుపు. ఆ యాత్రలో గవాస్కరు 774 పరుగులు, సర్దేశాయి 642 పరుగులు చేసిరి.

అయితే ఈ కూర్పునకు మూల్యము చెల్లించినవాడును ఒకడు కలడు. స్వదేశపు పోటీలలో ఆడలేదను కారణముచే ఫరూఖ్ ఇంజనీరును ఆ యాత్రకు విడిచిపెట్టిరి. హైదరాబాదు కృష్ణమూర్తి ఐదు టెస్టులలోను వికెట్ల వెనుక నిలిచెను. ఆ వేసవిలోనే ఇంగ్లండు యాత్రకు ఇంజనీరు తిరిగి వచ్చి, ఓవలు విజయములో 59, అజేయముగా 28 పరుగులు చేసెను. కృష్ణమూర్తి మరియొక టెస్టు ఆడలేదు. ఇంజనీరు రాకను ఎవరు తప్పుపట్టగలరు? కాని కొన్ని మాసములకు పూర్వము గట్టిగా చెప్పిన నియమము ఇంత త్వరలో మెత్తబడుటను కృష్ణమూర్తి పక్షమున నిలిచి చూచినవారికి వేఱుగా తోచును. ఎన్నిక సంఘమువారు కారణములను విప్పి చెప్పవలసినది ఇట్టి తావులలోనే.

ఇక మనకాలపు మాట. అశ్విన్ 2024 డిసెంబరులోను, రోహిత్, కోహ్లీ 2025 మే మాసములోను టెస్టులు విడిచిరి. అయిదాఱు మాసములలో మూడు స్తంభములు తొలగినవి. క్రొత్తవారు వారి ప్రక్కన నిలిచి నేర్చుకొనుటకు మిగిలిన వ్యవధి స్వల్పము. అయినను 25 ఏండ్ల శుభమన్ గిల్ నాయకత్వమున ఇంగ్లండులో 2-2గా సమముగా నిలిచితిమి. అందులో మాంచెస్టరు టెస్టును రక్షించినదెవరు? 311 పరుగులు వెనుకబడి, మొదటి రెండు వికెట్లు సున్నకే పోయిన పిమ్మట రాహుల్, గిల్ నిలిచిరి. తుదకు 36 ఏండ్ల జడేజా, 25 ఏండ్ల వాషింగ్టన్ సుందరు విడిపోకుండ 203 పరుగులు చేర్చి ఇరువురును శతకములు గొట్టిరి. కింగ్‌స్టనుకును మాంచెస్టరుకును నడుమ 54 ఏండ్లు గడచినను జోడి మాత్రము అట్టిదే.

ఇట్టి జోడీలను సిద్ధపఱచుటకు రంజీ పోటీలకంటె తగిన తావు లేదు. 2025 జనవరిలో కోహ్లీ ఢిల్లీ పక్షమున 12 ఏండ్ల తరువాతను, రోహిత్ ముంబయి పక్షమున 9 ఏండ్లు దాటిన తరువాతను ఆ పోటీలలో ఆడిరి. ఇరువురును స్వల్పముగనే పరుగులు చేసిరి. అది ముఖ్యము కాదు. అన్నేండ్లలో ఎందఱు కుఱ్ఱ బౌలర్లు వారికి ఒక్క బంతియైనను వేయు భాగ్యమునకు నోచుకొనకపోయిరో క్రికెట్టు బోర్డువారు ఒకమారు లెక్కించి చూచుకొందురుగాక.