దాచిన గింజ ఎందుకు మాట తప్పును?

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామములలో మేము తరచు వినుచున్న ప్రశ్న ఒకటి కలదు. "నిరుడు సంచి విత్తనము వేసితిమి, చేను ఒక్క తీరుగా కాసినది. ఈ యేడు ఆ చేని గింజలే దాచి వేసితిమి, మొక్కకు మొక్కకు పొంతన లేదు. తప్పు నేలదా, మాదా?" పంచాయతీ సభ్యులను సైతము రైతులు ఇట్లే అడుగుచుందురు. కారణము గింజలోనే యున్నది.

తల్లిదండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించుటను అనువంశికత అందురు. లక్షణమును నిర్ణయించు సూక్ష్మాంశము జన్యువు. ఇది జంటగా నుండును. ఒకటి తల్లి మొక్కది, రెండవది పుప్పొడి నిచ్చిన మొక్కది. రెండును వేరైనచో పైకి కనబడునది బహిర్గతము, అణగియుండునది అంతర్గతము.

మిరపనే చూడుడు. కారపు రకమును కారము లేని బెంగుళూరు మిరపతో సంకరము చేసినచో తొలితరమున అన్నియు కారపు కాయలే. చప్పదనము నశింపలేదు, దాగినది. ఆ మొక్కలను వాని పుప్పొడితోనే ఫలింపజేసి గింజలు వేసినచో, సుమారు నాలుగింట ఒక మొక్క చప్పని కాయ కాయును. (కారము ఎంత అనునది వేరు సంగతి, అందు పెక్కు జన్యువులకును, ఎండకును, నీటికిని పాత్ర కలదు.) మెండెల్ అను క్రైస్తవ సన్యాసి బఠాణీలలో ఈ లెక్కనే కనుగొని 1866లో ప్రకటించెను: గుండ్రని గింజలు 5,474, ముడుతల గింజలు 1,850.

ఇక ప్రత్తి. 1970లో సూరతులో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 వాణిజ్యపు సాగునకు వచ్చిన తొలి సంకర ప్రత్తి. సాయంత్రము ఆడ చాళ్ళ మొగ్గలలోని పుప్పొడి తిత్తులను చేతితో తొలగించి, మరునాటి ఉదయము మగ చాళ్ళ పుప్పొడిని అద్దుదురు. సంకర విత్తనము ప్రియమగుటకు ఈ కూలియు ఒక కారణము. తొలితరపు బలము వేరు వేరు జన్యువులు జతకూడుటవలన కలుగును. మలితరమున అట్టి జంటలు సగమునకు తగ్గును; చేను చెదరును, దిగుబడి పడును.

సూటి రకములకు ఈ చిక్కు లేదు. లాం పరిశోధన కేంద్రపు మిరప రకముల గింజలను దాచుకొనవచ్చును. అయితే తేనెటీగలు పొరుగు చేని పుప్పొడిని తెచ్చును గనుక, గట్టు ప్రక్క మొక్కలను విడిచి నడిమి చేనిలోని మేలైన మొక్కల కాయలనే ఏరవలెను.

మలితరపు గింజను సంకర విత్తనమని విడిగా, చౌకగా అమ్మువారును కలరు. కావున రైతు ఫిర్యాదు తెచ్చినపుడు సభ్యులు మొదట విచారింపవలసినది, అది సంచిలోనిదా, విడిగా కొన్నదా, ఇంట దాచినదా అని. సంచిలోనిదైనచో బిల్లును, లాటు నంబరు గల ఖాళీ సంచిని పంట చేతికి వచ్చువరకు పారవేయవద్దని విత్తు వేళనే గ్రామమున చాటింపు వేయింపుడు.