నిలవని నీడకు నిలకడ
ఆగస్టు 19 ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం

పెంకుటిళ్లలో మధ్యాహ్నం వేళ నేలపై గుండ్రటి వెలుగు బిళ్లలు కనిపిస్తుంటాయి. పెంకుల మధ్య చిన్న సందు ఏ ఆకారంలో ఉన్నా కింద పడే వెలుగు గుండ్రంగానే ఉంటుంది. అది సూర్యుని ప్రతిబింబం. పాక్షిక సూర్యగ్రహణం నాడు అవే బిళ్లలు నెలవంకలుగా మారడమే ఇందుకు నిదర్శనం. కెమెరాకు మూలసూత్రం ఇదే. ప్రతిబింబాన్ని చూడటం మనిషికి వందల ఏళ్ల క్రితమే తెలుసు. దాన్ని చెరిగిపోకుండా నిలపడానికే 19వ శతాబ్దం వరకు ఆగవలసి వచ్చింది.

చీకటి గదిలో వెలుగు

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుంది. చీకటి గది గోడకు చిన్న రంధ్రం చేస్తే బయటి చెట్టు కొమ్మల నుంచి వచ్చే కాంతి ఎదుటి గోడపై కిందికి, మొదలు నుంచి వచ్చే కాంతి పైకి చేరుతుంది. అందువల్ల బొమ్మ తలకిందులుగా పడుతుంది. అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ 11వ శతాబ్దిలో దీన్ని పరిశీలించి వివరించారు. లాటిన్‌లో దీన్ని 'కెమెరా అబ్‌స్క్యూరా' అన్నారు. చీకటి గది అని అర్థం. కెమెరా అనే పేరు అలా వచ్చినదే. తర్వాతి కాలంలో రంధ్రానికి కటకం అమర్చడంతో బొమ్మ మరింత వెలుగుతో, స్పష్టంగా కనిపించింది. అయినా చిత్రకారుడు దానిపై గీత గీసుకోవలసిందే తప్ప బొమ్మ తానై నిలిచేది కాదు.

వెండి లవణాల మహిమ

వెండి లవణాలను నల్లబరిచేది వేడి కాదని, వెలుతురని జర్మనీకి చెందిన షుల్జ్ 1717లో గుర్తించారు. ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్ సిల్వర్ నైట్రేట్ పూసిన కాగితంపై ఆకుల అచ్చులు తీశారు. హంఫ్రీ డేవీ ఆ వివరాలను 1802లో ప్రచురించారు. అయితే ఆ అచ్చులను వెలుతురులోకి తెస్తే మిగిలిన భాగమూ నల్లబడిపోయేది. కొవ్వొత్తి వెలుగులోనే చూడవలసి వచ్చేది.

ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ వేరే దారి పట్టారు. తగరపు మిశ్రమ రేకుపై ఒక రకం తారు పూసి కెమెరాలో ఉంచారు. వెలుగు సోకిన చోట తారు గట్టిపడింది. మిగిలినదాన్ని నూనెతో కడిగివేశారు. 1826-27 ప్రాంతంలో ఆయన తన ఇంటి కిటికీ నుంచి తీసిన దృశ్యమే కెమెరాతో తీసి నేటికీ మిగిలినవాటిలో అతి ప్రాచీన ఛాయాచిత్రం. అందుకు కనీసం 8 గంటలు పట్టింది.

నియెప్స్ 1833లో మరణించగా, ఆయన భాగస్వామి లూయీ డాగర్ పరిశోధన కొనసాగించారు. వెండి పూత గల రాగి రేకును అయోడిన్ ఆవిరికి చూపి, కెమెరాలో ఉంచి, పాదరసపు ఆవిరితో బొమ్మను బయటికి రప్పించారు. 1838లో ఆయన తీసిన పారిస్ వీధి చిత్రంలో జనం, బండ్లు కనిపించవు. కదిలేవేవీ ఆ రేకుపై నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలక నిలబడిన ఒక మనిషి మాత్రం మిగిలాడు. ఫ్రాన్సు ప్రభుత్వం డాగర్‌కు, నియెప్స్ కుమారునికి పింఛను ఇచ్చి, 1839 ఆగస్టు 19న ఈ విధానాన్ని బహిరంగపరచింది. ఆ రోజునే నేడు ఛాయాచిత్ర దినోత్సవంగా జరుపుతున్నారు.

నెగెటివ్, హైపో

డాగర్ చిత్రం ఒకే ప్రతి. ఇంగ్లండులో హెన్రీ ఫాక్స్ టాల్బట్ కాగితంపై నెగెటివ్ తీశారు. అందులో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటాయి. దాని నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. 1841లో ఆయన ఈ విధానానికి పేటెంటు పొందారు. వెలుగు సోకని వెండి లవణాలను కరిగించి తొలగించే 'హైపో' గుణాన్ని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నారు. 1839లో దాన్ని ఛాయాచిత్రాలకు వాడి చూపారు. డార్క్‌రూంలలో బొమ్మను స్థిరపరచేది ఆ హైపోయే.

బిందె నిండినట్లు

బొమ్మకు కావలసిన వెలుగును కుళాయి కింద బిందెతో పోల్చవచ్చు. కుళాయిని ఎంత తిప్పామన్నది ఎపర్చర్, ఎంతసేపు వదిలామన్నది షట్టర్ వేగం, బిందె ఎంత చిన్నదన్నది ఫిల్ము లేదా సెన్సర్ గ్రహణశక్తి. ఎపర్చర్‌ను ఎఫ్ 8 నుంచి ఎఫ్ 5.6కు మార్చితే వెలుగు రెట్టింపవుతుంది. షట్టర్‌ను సెకనులో 125వ వంతు నుంచి 250వ వంతుకు మార్చితే సగమవుతుంది. సెల్‌ఫోన్ కెమెరాలోనూ ఈ లెక్కే పనిచేస్తుంది. ఫిల్ము స్థానంలో సెన్సర్ వచ్చింది, అంతే.

హైదరాబాదులో దీన్‌దయాళ్

సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. 1905లో ఆయన కన్నుమూశారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. భద్రపరచినందునే నాటి కోటలు, కొలువులు నేడు కనిపిస్తున్నాయి.

గోడ మీది ఫొటో మాటేమిటి?

పల్లెల్లో అనేక ఇళ్లలో తాతముత్తాతలకు మిగిలినది ఒకే ఒక్క ఫొటో. పాత స్టూడియో మూతపడితే నెగెటివ్ కూడా దొరకదు. తడి పూలదండ నుంచి కారే నీరు ఫ్రేములోకి దిగితే బొమ్మ అద్దానికి అతుక్కుంటుంది. అలాంటిదాన్ని బలవంతంగా ఊడదీయరాదు. అద్దం మీదుగానే నకలు తీయించుకోవాలి. తేమ గోడకు, నేరుగా ఎండ పడే చోట ఫొటో తగిలించరాదు. తడిగుడ్డతో బొమ్మను తుడవరాదు. నెగెటివ్‌లను అంచులు మాత్రమే పట్టుకుని తీయాలి. రంగుల ఫొటోలలోని అద్దకాలు త్వరగా వెలిసిపోతాయి కనుక వాటిని ముందుగా స్కాన్ చేయించి, రెండు వేర్వేరు చోట్ల దాచుకోవడం మేలు. ఫొటో వెనుక పెన్సిలుతో సుతారంగా పేర్లు, ఊరు, సంవత్సరం రాసిపెట్టాలి. ఎవరెవరో గుర్తుపట్టగల పెద్దలు ఇంట్లో ఉండగానే ఆ పని పూర్తి చేసుకోవాలి.