ఎండాకాలపు నీటిలో చేపల ఊపిరి

ఎండాకాలంలో గాలానికి ఏ చేప, ఏ వేళకు, ఎంత లోతులో పడుతుందో చాలావరకు తేల్చేది నీటిలో కరిగిన ఆక్సిజన్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ సంగతిని గమనించడానికి రకరకాల నీళ్లున్నాయి. గద్వాల, ఆత్మకూరుల మధ్య కృష్ణపై జూరాల ఉంది. వనపర్తి జిల్లాలో 1959లో పూర్తయిన సరళాసాగర్ ఉంది. కొల్లాపూర్ దగ్గర సోమశిల వద్ద శ్రీశైలం వెనుకజలాలు పరుచుకుని ఉంటాయి. ఇవికాక ఊరూరా చెరువులు. ఎండలు ముదిరేకొద్దీ అన్నీ లోపలికి జరుగుతాయి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది బాగా దిగినప్పుడే సోమశిలకు ఆవలి వైపున్న సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. అప్పటికి చేపలు మిగిలిన కొద్ది నీటిలోనే ఒత్తుగా చేరి ఉంటాయి.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. చేప అవసరం మాత్రం పెరుగుతుంది. నీరు పది డిగ్రీలు వేడెక్కితే దాని ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అమెరికా ఉత్తరాన మిన్నెసోటా, విస్కాన్సిన్ సరస్సుల్లో మస్కీ అనే పెద్ద వేటచేపను పట్టేవాళ్లలో చాలామంది, నీరు 27 డిగ్రీలు చేరిందంటే దాని జోలికి పోరు. ఆ వేడిలో పెనుగులాడి అలసిన చేపను తిరిగి నీళ్లలో వదిలినా తేరుకోవడం కష్టం. పాలమూరు చెరువుల్లో వేసవి నీరు ఆ వేడిని మామూలుగానే దాటుతుంది. ఇక్కడి చేపలు దానికి అలవాటు పడినవే అయినా, లెక్క వాటికీ అదే.

ఒక్క రోజులోనే ఈ లెక్క ఎంతో మారుతుంది. పగలు నాచు, నీటిమొక్కలు ఎండను వాడుకుని ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవి కూడా దాన్ని పీల్చుకునేవే. అందుకే నాచు పట్టి పచ్చబడ్డ చెరువులో తెల్లవారడానికి కాస్త ముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది అప్పుడే. లోతైన నీటిలో ఇంకో చిక్కుంది. పైపొర వేడెక్కి తేలికై, అడుగున ఉన్న చల్లని నీటితో కలవదు. అడుగున కుళ్లే చెత్త అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తుంది. కాబట్టి చల్లగా ఉంటుందని మరీ లోతుకు గాలం దించితే ఎర అలాగే మిగిలిపోవచ్చు.

ఈ బాధ అంతగా తగలని చేప కొర్రమీను. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. దీని తలలో మొప్పలపైన గాలిని నింపుకునే గదులుంటాయి. ఎదిగిన కొర్రమీను మొప్పలతోనే బతకలేదు. పైకి వచ్చి గాలి మింగనివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఆ గుణం వల్లనే చెరువు అడుగంటినా తడి బురదలో బతికి ఉంటుంది, బజారులో గిన్నెలో కాసిని నీళ్లున్నా ప్రాణంతో కనిపిస్తుంది. గాలి కోసం వచ్చినప్పుడు నీటిపై లేచే చిన్న సుడి గాలం వేసేవాడికి గురుతు. తూటుకాడ, తామరాకుల అంచుల్లో పొంచి ఉండి ఎదుటికి వచ్చినదాన్ని ఒక్క ఉదుటున అందుకునే చేప కాబట్టి, చిన్న కప్పను గుచ్చి ఆ అంచుల వెంట మెల్లగా ఆడిస్తారు.

వాలుగ దారి వేరు. మీటరు దాటి పెరిగే ఈ చేపకు పొలుసు ఉండదు, నోరు కళ్ల వెనక దాకా చీలి ఉంటుంది. గాలి మింగే ఏర్పాటు లేదు గనుక ఆక్సిజన్ చాలినంత ఉండే నదీపాయల్ని, లోతు మడుగుల్ని పట్టుకుని ఉండి, చీకటి పడ్డాక చిన్నచేపల మీద పడుతుంది. పుట్టిలో వెళ్లి, పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి రాత్రంతా ఉంచే పద్ధతి ఇలాంటి చేపలకు సరిపోతుంది. వాలుగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఇప్పుడు ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. చిన్న వాలుగల్ని వదిలేయడం అవసరం.

బొచ్చె పైనీటిలో, రవ్వ నడుమ, మృగాల అడుగున మేస్తాయి. గాలానికి వీటికి పిండిముద్దే ఎర. ఇవి నిలవనీటి చెరువుల్లో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారకం కావాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం సూదిమందుతో గుడ్లు పెట్టించగలిగాకే చెరువుల్లో వదిలే పిల్లలు సమృద్ధిగా దొరకడం మొదలైంది. ఒడ్డున పిల్లలు ఎర్రలు గుచ్చి పట్టే పరకలకు, జెల్లలకు ఆ చిక్కు లేదు. 1952లో దేశంలోకి తెచ్చిన జిలేబి చేపకూ లేదు. అది గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది.

మే నెలలో ఈదురుగాలితో పడే పెద్దవాన ఒక్కోసారి చేపల్ని చంపుతుంది. గాలి నీటిని కలిపేసి ఆక్సిజన్ లేని అడుగునీటిని పైకి తెస్తుంది, తెల్లారేసరికి చేపలు తేలుతాయి. ఆ తర్వాతి వానలతో కొర్రమీను జత కడుతుంది. నాచులో కొంత చోటు శుభ్రం చేసి తేలే గుడ్లు పెడుతుంది. అమెరికా చెరువుల్లో బాస్ చేపకు గూటి కాపలా మగదాని పని. కొర్రమీనుకు తల్లీతండ్రీ ఇద్దరూ కాస్తారు. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకి వచ్చినప్పుడు పెద్దది వాటి కిందే ఉంటుంది. అక్కడ గాలం ఆడిస్తే అది ఆకలితో కాక కోపంతో కరుస్తుంది, సులభంగా దొరుకుతుంది. కాపలా పోయిన పిల్లల్ని కొన్ని గంటల్లోనే మిగతా చేపలు, పక్షులు ఖాళీ చేస్తాయి. ఎగువన కర్ణాటక నుంచి కృష్ణ వరద వచ్చి జూరాల నిండాక చేపలు విశాలమైన నీటిలో చెదిరిపోతాయి, గాలానికి దొరికేవి తగ్గుతాయి.