తేలిక తుపాకి ఎందుకు గట్టిగా తంతుంది?

పడవలోంచి గట్టు మీదికి ఎగిరి దూకేవాళ్లను మీరెప్పుడైనా గమనించారా? మనిషి ముందుకు పోతాడు, పడవ వెనక్కి పోతుంది. పెద్ద లాంచీ అయితే అది కదిలినట్టే కనిపించదు. చిన్న దోనె అయితే సర్రున వెనక్కి జారి, దూకినవాణ్ణి నీళ్లలో పడేసినా పడేస్తుంది. దూకిన మనిషి ఒక్కడే. దూకిన ఊపు కూడా ఇంచుమించు ఒక్కటే. తేడా అంతా పడవ బరువులో ఉంది.

తుపాకి సంగతీ అంతే. గుండు ముందుకు పోతే తుపాకి వెనక్కి వస్తుంది. దీన్నే "తుపాకి తన్నడం" అంటారు. తుపాకి ఎంత తేలికగా ఉంటే అంత గట్టిగా తంతుంది. వినడానికి వింతగా ఉంది కదూ? బరువైనది గట్టిగా తన్నాలి గాని, తేలికది తన్నడమేమిటి? రండి, చూద్దాం.

కొనేవాళ్లకు వచ్చే చిక్కు

ఈ ప్రశ్న అమెరికాలో చాలామందికి నిజంగానే ఎదురవుతుంది. అక్కడి చట్టాలు మన చట్టాల వంటివి కావు. చాలా రాష్ట్రాలలో మామూలు పౌరులు చేతి తుపాకిని దుస్తుల చాటున పెట్టుకుని తిరగవచ్చు. ఆత్మరక్షణ కోసం ఇంటి బయట కూడా చేతి తుపాకిని వెంట ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ అటువంటి తుపాకిని దగ్గర ఉంచుకోకూడదు.

అక్కడ దుకాణానికి వెళ్లిన కొత్తవాడు సాధారణంగా ఏమనుకుంటాడు? "దాచుకోవడానికి చిన్నది కావాలి. మోయడానికి తేలికది కావాలి. చిన్నది, తేలికది అయితే వాడడం కూడా సులువే గదా!" అనుకుంటాడు. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది మాత్రం పొరపాటు. అది ఎందుకు పొరపాటో భౌతికశాస్త్రం చెబుతుంది.

ఒక చిన్న లెక్క

తూటా అంటే ఒకే వస్తువు కాదు. ముందు భాగంలో సీసంతో చేసిన గుండు ఉంటుంది. వెనక ఇత్తడి గొట్టంలో మందు ఉంటుంది. మీట నొక్కగానే మందు అంటుకుని వేడి వాయువులుగా మారుతుంది. ఆ వాయువులు అన్ని వైపులా నెడతాయి. గుండును ముందుకు నెట్టి, అదే సమయంలో తుపాకిని వెనక్కి నెడతాయి. చర్య ఉన్నచోట దానికి సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని 1687లో అచ్చయిన తన గ్రంథంలో న్యూటన్ చెప్పిన మూడవ సూత్రం ఇదే.

ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని ద్రవ్యవేగం అంటారని మీరు పాఠంలో చదువుకున్నారు. పేల్చక ముందు తుపాకీ, గుండూ రెండూ కదలడం లేదు. కాబట్టి మొత్తం ద్రవ్యవేగం సున్న. పేల్చిన తరువాత కూడా మొత్తం సున్నగానే ఉండాలి. గుండుకు ముందుకు ఎంత ద్రవ్యవేగం వచ్చిందో, తుపాకికి వెనక్కి అంతే రావాలన్నమాట.

ఇప్పుడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు ఒకటి తీసుకుందాం. దాని గుండు బరువు సుమారు 8 గ్రాములు. అది సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. గుండు ద్రవ్యవేగం 0.008ను 350తో గుణిస్తే 2.8. పిస్తోలు బరువు 1 కిలో అనుకోండి. అప్పుడు అది సెకనుకు 2.8 మీటర్ల వేగంతో వెనక్కి రావాలి. అదే గుండును అరకిలో పిస్తోలుతో అంతే వేగంతో పేల్చామనుకోండి. ద్రవ్యవేగం మారలేదు, బరువు సగమైంది. కాబట్టి వెనక్కి వచ్చే వేగం రెట్టింపయి 5.6 మీటర్లవుతుంది.

నిజానికి గుండు వెనకాలే వేడి వాయువులు కూడా ముందుకు దూసుకుపోతాయి. వాటి వాటా కూడా కలుస్తుంది కనుక తన్ను ఇంకాస్త ఎక్కువగానే ఉంటుంది. మన లెక్క తేలికగా ఉండడానికి దాన్ని పక్కన పెడదాం.

చేతికి దెబ్బ తగలదేం?

"గుండుకూ తుపాకికీ ద్రవ్యవేగం సమానమైతే, గుండు చెక్కను చీల్చుకుని పోతున్నప్పుడు తుపాకి చేతిని చీల్చదేం?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

దానికి జవాబు గతిజశక్తిలో ఉంది. గతిజశక్తి వేగం మీద కాదు, వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. లెక్క కడితే మన గుండు గతిజశక్తి 490 జౌళ్లు వస్తుంది. 1 కిలో పిస్తోలు గతిజశక్తి 4 జౌళ్లకు కూడా చేరదు. గుండు కన్నా పిస్తోలు 125 రెట్లు బరువు. కాబట్టి దాని వాటాకు వచ్చిన శక్తి 125వ వంతే. చూశారా, ద్రవ్యవేగాన్ని చెరిసగం పంచిన ప్రకృతి, శక్తిని మాత్రం తేలికదానికే దోచిపెట్టింది!

అరకిలో పిస్తోలు సంగతి? దాని బరువు సగం, వేగం రెట్టింపు, వేగపు వర్గం నాలుగింతలు. కాబట్టి గతిజశక్తి రెట్టింపయి 8 జౌళ్లకు దగ్గరగా వస్తుంది. తేలిక తుపాకి గట్టిగా తన్నడమంటే ఇదే.

ఇక కాలం సంగతి చూడండి. 10 సెంటీమీటర్ల గొట్టంలో గుండు ఉండేది సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ కాలం. అంత కొద్ది కాలంలో అంత వేగం రావాలంటే గొట్టం లోపల అర టన్ను బరువుతో నొక్కినంత బలం పనిచేయాలి. అది నేరుగా చేతి మీద పడితే ఇంకేమైనా ఉందా? కాని చేయి ఆ పిస్తోలును ఒక్కసారిగా ఆపదు. చేయీ, మణికట్టూ, మోచేయీ కొంత వెనక్కి జరిగి మెల్లగా ఆపుతాయి. 5 సెంటీమీటర్ల దూరంలో ఆపాయనుకుంటే 1 కిలో పిస్తోలు కలిగించే బలం సగటున 8 కిలోల బరువుకు సమానం. అరకిలో పిస్తోలుకు అది 16 కిలోలవుతుంది.

క్రికెట్ ఆడేవాళ్లకు ఇది బాగా తెలుసు. బంతి పట్టేటప్పుడు చేతులను వెనక్కి లాక్కుంటారు గదా! 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 63 కిలోమీటర్ల వేగంతో వస్తే దాని ద్రవ్యవేగం కూడా 2.8 మాత్రమే.

మూతి పైకి లేవడం

పిస్తోలు సూటిగా వెనక్కి మాత్రమే రాదు. దాని మూతి పైకి లేస్తుంది కూడా. ఎందుకంటే గొట్టం పైన ఉంటుంది, పట్టుకునే పిడి కింద ఉంటుంది. తన్ను పైన తగులుతుంటే, ఆపే చేయి కింద ఉంది. తలుపును బందు దగ్గర కాక అంచు దగ్గర నెడితే అది సులువుగా తిరుగుతుంది కదా! ఇక్కడా తిరగడం అలాగే జరుగుతుంది. గొట్టం చేతికి ఎంత దగ్గరగా ఉంటే మూతి అంత తక్కువగా లేస్తుంది.

జేబులో ఇమిడే బుల్లి పిస్తోళ్లకు ఇక్కడ ఇంకో లోటు ఉంది. వాటి పిడి మరీ పొట్టిది. కొన్నిటికి చిటికెన వేలు ఆనడానికి చోటే ఉండదు. తన్నేది ఎక్కువ, పట్టుకోవడానికి దొరికేది తక్కువ!

స్ప్రింగు చేసే సాయం

రివాల్వరులో తన్ను అంతా నేరుగా చేతికి వస్తుంది. ఆటోమాటిక్ పిస్తోలులో అలా కాదు. దాని పై భాగం వెనక్కి జారి, స్ప్రింగును నొక్కి, కాలిన ఇత్తడి గొట్టాన్ని బయట పారేసి, మళ్లీ ముందుకు వచ్చి కొత్త తూటాను ఎక్కిస్తుంది. ఈ పని అంతటికీ ఖర్చయ్యేది ఆ తన్ను శక్తే. ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు గాని, అది చేతికి చేరడానికి ఎక్కువ కాలం పడుతుంది. అందుచేత దెబ్బలా కాక నెట్టినట్టుగా తోస్తుంది. అమెరికా సైన్యం 1911లో స్వీకరించిన జాన్ బ్రౌనింగ్ పిస్తోలు ఇలాంటిదే.

ఫిరంగులకు కూడా ఇదే ఉపాయం. పూర్వం ఫిరంగి పేలిస్తే బండి మొత్తం వెనక్కి దొర్లిపోయేది. ప్రతిసారీ దాన్ని నెట్టుకొచ్చి మళ్లీ గురి చూడవలసి వచ్చేది. 1897లో ఫ్రాన్సువారు తయారుచేసిన 75 మిల్లీమీటర్ల ఫిరంగిలో గొట్టం మాత్రమే ఒక మీటరుకు పైగా వెనక్కి జారేది. నూనె, గాలి నింపిన సిలిండరు దాన్ని మెత్తగా ఆపి తిరిగి ముందుకు తెచ్చేది. బండి కదిలేది కాదు.

తన్ను కన్నా భయం చెడ్డది

తన్నితే తన్నింది, ఓర్చుకుంటే సరిపోదా? సరిపోదు. గుండు గొట్టం దాటేసరికి మన 1 కిలో పిస్తోలు వెనక్కి జరిగేది ఒక మిల్లీమీటరు లోపే. కాబట్టి మొదటి గుండు గురి తప్పితే తప్పు చాలావరకు తన్నుది కాదు, తన్నుతుందన్న భయానిది. మీట నొక్కే ముందే మనిషి కళ్లు మూసుకుంటాడు, మణికట్టు బిగించి మూతిని కిందికి దించుతాడు.

దీన్ని పట్టుకోవడానికి శిక్షకులు ఒక తమాషా చేస్తారు. నేర్చుకునేవాడికి తెలియకుండా అసలు తూటాల మధ్య మందు లేని ఉత్తుత్తి తూటా ఒకటి పెడతారు. దాని వంతు రాగానే పిస్తోలు పేలదు. కాని మూతి మాత్రం టక్కున కిందికి వంగుతుంది! భయం బయటపడిపోతుంది.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. గురి తప్పిన గుండు మాయమైపోదు. గోడకో, దారిన పోయేవాడికో తగిలేదాకా పోతూనే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు, దాచుకోవడానికి ఎంత వీలుగా ఉందన్నది ఒక్కటే చూడకుండా, చేతికి లొంగేది ఎంచుకోమంటారు. అంటే కాస్త బరువైనది, పిడి చేతినిండా పట్టేది, మరీ పెద్ద తూటా కానిది. జేబు ఒకటి కోరుతుంది, చేయి ఇంకొకటి కోరుతుంది. రెండిటినీ పూర్తిగా తృప్తిపరచే తుపాకి లేదు.

తూటా చిన్నదైతే ఎంత తేడా వస్తుందో చూడండి. .22 తూటా గుండు బరువు 2.6 గ్రాములే. సెకనుకు 300 మీటర్ల వేగంతో పోయినా దాని ద్రవ్యవేగం 0.78. మన 9 మిల్లీమీటర్ల గుండులో మూడోవంతు కూడా లేదు. ఎన్.సి.సి.లో చేరిన మీ అన్నలు, అక్కలు గురి నేర్చుకునే రైఫిలు .22దే. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో రజతం గెలుచుకున్నది కూడా .22 తూటాలతోనే.

మన కాన్పూరు ఆయుధ కర్మాగారం 2014లో "నిర్భీక్" అనే రివాల్వరును విడుదల చేసింది. ఆడవాళ్లు చేతిసంచిలో పెట్టుకునేందుకు వీలుగా టైటానియం మిశ్రలోహంతో చేసిన ఆ రివాల్వరు బరువు అరకిలో. తేలికదే అయినా దానికి .32 తూటా వాడారు. ఆ గుండు చిన్నది, దాని వేగమూ తక్కువే. కాబట్టి తన్ను 9 మిల్లీమీటర్ల గుండుతో పోలిస్తే సగం లోపే.

సినిమాలో నిజమెంత?

సినిమాలో గుండు తగిలినవాడు గాలిలో ఎగిరి, వెనకనున్న అద్దాలు పగలగొట్టుకుంటూ పడతాడు. అది జరిగే పనేనా? మీరే లెక్క కట్టండి. గుండు ద్రవ్యవేగం 2.8. మనిషి బరువు 60 కిలోలు. గుండు అతనిలోనే ఆగిపోయినా అతనికి వచ్చే వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు కూడా ఉండదు. చీమ నడకకు దగ్గర! గుండు మనిషిని ఎగరవేయలేదు. అయినా లోపలి అవయవాలను చీల్చి ప్రాణం తీయగలదు. అందుకే తుపాకి ఆటవస్తువు కాదు. ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకుండా వెంటనే పెద్దలకు చెప్పాలి. పెళ్లిళ్లలో సరదాకు గాలిలోకి కాల్చడం కూడా నేరమే. 2019లో సవరించిన చట్టం దీనికి రెండేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది.

మీరూ చేసి చూడండి

జానెడు చెక్క ముక్క తీసుకోండి. ముందు రెండు మూలలా రెండు మేకులు, వెనక మధ్యలో ఒక మేకు పెద్దవాళ్ల చేత కొట్టించండి. ముందు మేకులకు రబ్బరు బ్యాండు తగిలించి, దాన్ని వెనక్కి లాగి, వెనక మేకుకు దారంతో కట్టండి. గుండ్రటి పెన్సిళ్లను నేల మీద వరుసగా పేర్చి, వాటి మీద చెక్కను ఉంచండి. రబ్బరు మడతలో ఒక గోళీ పెట్టండి. ఎదుట ఎవరూ లేకుండా చూసుకుని, వెలిగించిన అగరువత్తితో దారాన్ని అంటించండి. కత్తిరిస్తే చేయి తగిలి చెక్క కదులుతుంది, అందుకని అగరువత్తి వాడాలి.

గోళీ ముందుకు పోతుంది, చెక్క పెన్సిళ్ల మీద వెనక్కి దొర్లుతుంది. ఎంత దూరం దొర్లిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. తరువాత చెక్క మీద ఒక బరువైన రాయి కట్టి మళ్లీ చేయండి. ఆ తరువాత రాయి తీసేసి, చిన్న గోళీకి బదులు పెద్ద గోళీ పెట్టి చేయండి. ఎప్పుడు ఎక్కువ తన్నింది, ఎప్పుడు తక్కువ తన్నింది? మీ కొలతలు మన లెక్కతో సరిపోయాయో లేదో చూసి, మీ సైన్సు మాష్టారికి చూపించండి.